డౌన్‌పైప్ మార్చాక బానెట్ కింద సెగ: టర్బో కారులో వేడిని అదుపులో పెట్టే పద్ధతి

మే నెల మధ్యాహ్నం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దిగి ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఇరుక్కున్నాక ఏసీ గాలిలోంచి కాలిన ప్లాస్టిక్ వాసన సన్నగా తగిలింది. కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, కాసేపాగి బానెట్ ఎత్తాను. ఇంజిన్‌కూ మనం కూర్చునే భాగానికీ మధ్య ఉండే లోహపు గోడ, అంటే ఫైర్‌వాల్, పక్కగా పోయే ఆక్సిజన్ సెన్సర్ వైరుకు నల్లటి ముడతల తొడుగు ఉంటుంది. అది ఒకవైపు నిగనిగలాడుతోంది. చల్లారాక వేలితో నొక్కితే అప్పడంలా పటుక్కున విరిగింది. తిప్పి చూస్తే వెనకవైపు మాత్రం కొత్తదానిలా మెత్తగా ఉంది.

డౌన్‌పైప్, అంటే టర్బో నుంచి ఎగ్జాస్ట్ వాయువును కిందికి తీసుకెళ్లే పైపు, మార్పించి అప్పటికి మూడు వారాలు. ఇంటికొచ్చి, డిక్కీలో గోనెసంచిలో చుట్టి ఇచ్చిన పాత పైపును బయటికి తీశాను. దాని చుట్టూ రెండు పొరల రేకు ఉంది. మధ్యలో సన్నటి ఖాళీ, అంచుల్లో చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు. అదే హీట్ షీల్డ్. కొత్త పైపు కారెక్కింది, పాత పైపుతో పాటు షీల్డు డిక్కీలోకి పోయింది. బిగించినవాళ్లు చెప్పలేదు, నాకూ అడగాలని తట్టలేదు.

ఎగ్జాస్ట్ మార్చాక బానెట్ కింద వేడి పెరిగిందంటే అందరూ పెరిగిన పవర్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతలో అసలు కారణం ఎక్కువసార్లు ఆ పోయిన రేకే. కాబట్టి ముందు దాన్ని తిరిగి పెట్టాలి. చుట్టే టేపులు, బంగారు రంగు ఫాయిల్, బానెట్‌కు బెజ్జాలు అన్నీ దాని తర్వాత.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు

మీరు మార్చింది క్యాట్-బ్యాక్ అయితే, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత వెనక్కి పోయే పైపు, సైలెన్సర్ మాత్రమే అయితే, బానెట్ కింద పెద్దగా తేడా రాదు. టర్బోకు అతుక్కుని ఉండే డౌన్‌పైప్ మార్చినవాళ్లకే ఈ పని.

రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. శబ్దం, పొగ నిబంధనలు మీరితే 190(2) సెక్షన్ వర్తిస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన పైపు వాడమని నేను ఎవరికీ చెప్పను. రోడ్డు మీద తిరిగే కారుకు అది తప్పు, వెనక ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకూ అది అన్యాయం. మార్చే ముందే ఆర్టీవో నిబంధనలు, ఇన్సూరెన్స్ షరతులు చూసుకోండి.

వేడి మూడు దారుల్లో వస్తుంది

పొయ్యి ముందు కూర్చుంటే మొహం మండుతుంది. మధ్యలో ఒక అట్టముక్క పెడితే చాలు, వెంటనే ఆగిపోతుంది. అది సెగ. తలుపులన్నీ మూసిన వంటగదిలో గాలంతా వేడెక్కి ఊపిరాడనివ్వనిది ఉక్క. పెనంలో వదిలేసిన గరిటె కాడ చేతికి చురుక్కుమనడం పాకే వేడి. బానెట్ కింద ఈ మూడూ ఉంటాయి, మూడింటికీ మందు వేరు. సెగకు అడ్డు కావాలి, ఉక్కకు దారి కావాలి, పాకే వేడికి ఎడం కావాలి.

నా వైరు తొడుగు ఒకవైపే కాలడం సెగకు గుర్తు. ఉక్క అయితే చుట్టూ ఒకేలా పెళుసుబారేది. మీ కారులో ఏదైనా పాడైతే పారేయకండి, తిప్పి తిప్పి చూడండి. ఎటు నుంచి కాలిందో అదే చెబుతుంది.

టర్బో పెట్రోల్ ఇంజిన్లలో గట్టిగా తొక్కినప్పుడు టర్బైన్‌లోకి, అంటే టర్బోలో ఎగ్జాస్ట్ తిప్పే చక్రంలోకి, వెళ్లే వాయువు 850 నుంచి 950 డిగ్రీల దాకా ఉంటుంది, కొన్నింటిలో ఇంకా పైకి పోతుంది. టర్బైన్ దాటాక వంద డిగ్రీలో, ఇంకొంచెమో తగ్గి డౌన్‌పైప్‌లోకి వస్తుంది. సెగ తీవ్రత ఉష్ణోగ్రతతో సమానంగా పెరగదు, కెల్విన్లలో దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 500 డిగ్రీల పైపు కంటే 800 డిగ్రీల పైపు దాదాపు మూడున్నర రెట్లకు పైగా సెగ విసురుతుంది. దానికి తోడు 2 అంగుళాల పైపు తీసి 3 అంగుళాలది పెడితే సెగ విసిరే ఉపరితలం సగం పెరుగుతుంది, పక్కనున్న వైర్లకు ఎడమూ తగ్గుతుంది.

మొదటి అడుగు: కొలవండి

అందరి దగ్గరా ఉండే లేజర్ చుక్క థర్మామీటరు ఇక్కడ మోసం చేస్తుంది. మెరిసే స్టెయిన్‌లెస్ స్టీల్ తన సెగను తక్కువగా విసిరి చుట్టుపక్కల సెగను అద్దంలా తిప్పి పంపుతుంది కాబట్టి, మండిపోతున్న పైపును కూడా ఆ యంత్రం చల్లగా చూపిస్తుంది. పైపు మీద రూపాయి బిళ్లంత మేర వేడిని తట్టుకునే నల్లటి మ్యాట్ పెయింట్ వేసి అక్కడ గురిపెట్టండి. ఇంకా మంచిది మల్టీమీటరుకు తగిలించి వేడిని కొలిచే కె-టైప్ థర్మోకపుల్ వైరు. దాని కొనను వైర్ల కట్ట దగ్గర, బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా దగ్గర, కూలెంట్ హోస్ దగ్గర ఒక్కొక్కసారి కట్టి చూడండి.

కారు కంప్యూటర్ లెక్కలు చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకు బ్లూటూత్ ముక్క పెట్టి ఫోన్‌లో ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత రాసుకోండి. గాలి ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది. వేడి గాలితో నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనడం, రాకుండా ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది. అంటే డబ్బు పోసి తెచ్చుకున్న పవర్‌ను ఎండాకాలం ట్రాఫిక్‌లో కారు తనంతట తానే తగ్గించేసుకుంటుంది.

పరీక్ష ఎప్పుడూ ఒకేలా చేయండి. అదే రోడ్డు, దాదాపు అదే సమయం. ఇరవై నిమిషాలు నడిపి, ఏసీ వేసుకుని పది నిమిషాలు నిలబెట్టి, తర్వాత ఆపేయండి. ఆపాక 5, 10, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఈ చివరి భాగం చాలామంది వదిలేస్తారు. నా కారులో వైర్ల దగ్గర అత్యధిక ఉష్ణోగ్రత వచ్చింది హైవే మీద కాదు, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు. గాలి ఆగిపోతుంది, ఎర్రగా కాలిన లోహం మాత్రం తనలోని వేడిని వదులుతూనే ఉంటుంది.

రెండో అడుగు: పోయిన షీల్డును తిరిగి తేండి

ముందు పాత షీల్డు కొత్త పైపుకు సరిపోతుందేమో చూడండి. వెల్డింగ్ చుక్కలను గ్రైండరుతో తెంపి, కొద్దిగా వంచితే సరిపోయిన సందర్భాలున్నాయి. సరిపోకపోతే చేయించాలి. దీనికి ఖరీదైన షాపు అక్కర్లేదు, రేకుల పని తెలిసిన మనిషి చాలు.

కారు పూర్తిగా చల్లారాక, జాకీ మీద కాకుండా స్టాండ్ల మీదో లిఫ్ట్ మీదో పెట్టి, అట్టపెట్టె ముక్కలతో నమూనా కత్తిరించండి. నేను మూడు అట్టలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. సెన్సర్ విప్పడానికి స్పానర్ పట్టే చోటు వదిలారో లేదో అట్టతోనే చూసుకోండి, రేకు కోశాక బాధపడి లాభం లేదు.

పైపుకు దగ్గరగా ఉండే రేకు సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ అయి ఉండాలి, అర మిల్లీమీటరు మందం సరిపోతుంది. అల్యూమినియం సెగను బాగా తిప్పికొడుతుంది కానీ 660 డిగ్రీలకే కరుగుతుంది. దాన్ని వైర్ల వైపు, ఫైర్‌వాల్ వైపు, దూరంగా ఉండే రెండో పొరగా వాడండి. పైపుకు, రేకుకు మధ్య 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ ఖాళీయే సగం పని చేస్తుంది. రేకును పైపుకు ఆనించి బిగిస్తే వేడి దానిలోకి పాకి, అదే ఇంకో పొయ్యి అవుతుంది. సన్నటి కాళ్ల మీద, వీలైనన్ని తక్కువ చోట్ల నిలబెట్టండి. పైన, కింద అంచులు తెరిచే ఉంచితే మధ్యలో గాలి పొగగొట్టంలోలా పైకి లాగుతుంది. అంచులను మడిచి వేయించడం మరిచిపోకండి. కోసిన రేకు అంచు కారు కుదుపులకు వైరును రంపంలా కోస్తుంది.

ఇంకో లెక్క. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ మీటరు పొడవు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు వేలు దూరేంత సందు ఉంది కదా అని ఊరుకుంటే, వేడెక్కాక పైపు వచ్చి షీల్డునో స్టీరింగ్ ర్యాక్‌నో తాకుతుంది. పైపులో వలలా అల్లిన, వంగే ఫ్లెక్స్ ముక్క ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ సాగుడంతా పైపును టర్బోకు బిగించే అంచు, అంటే ఫ్లాంజ్, మీద పడి బోల్టులు వదులవుతాయి, గాస్కెట్ దగ్గర వాయువు కారుతుంది. ఆ కారే చోటు నేరుగా మండే దీపంలా పనిచేస్తుంది. మసి మరక కనబడితే మిగతా పనులన్నీ ఆపి ముందు దాన్ని సరిచేయండి.

మూడో అడుగు: వేడిని పైపులోనే ఉంచడం

పైపును ఎలాగూ విప్పుతున్నారంటే నా ఓటు సెరామిక్ కోటింగ్‌కే. లోపల, బయట రెండువైపులా వేసేవాళ్ల దగ్గర చేయించండి. తడి పట్టదు, ఊడి వేలాడదు, వానాకాలంలో ఆలోచించక్కర్లేదు. ఖర్చు ఎక్కువే.

పైపు చుట్టూ చుట్టే వేడి నిరోధక పట్టీ, అంటే ర్యాప్, చవక, బాగా పనిచేస్తుంది కూడా, కానీ అది శ్రద్ధ అడుగుతుంది. మామూలు ఫైబర్‌గ్లాస్ ర్యాప్ టర్బో పక్కన ఉండే వేడికి కొన్ని నెలల్లో పొడి పొడి అయిపోతుంది. లావా ర్యాప్ పేరుతో దొరికే బసాల్ట్ రకం కొనండి, తయారీదారు రాసిన నిరంతర ఉష్ణోగ్రత పరిమితిని చూసి కొనండి. కాసేపటికి తట్టుకునే గరిష్ఠ అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తారు, దాన్ని పట్టించుకోకండి.

ఎంత పొడవు కావాలి? 50 మిల్లీమీటర్ల వెడల్పు ర్యాప్‌ను 6 మిల్లీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడేలా చుడితే, 3 అంగుళాల పైపు మీటరుకు దాదాపు ఐదున్నర మీటర్లు, రెండున్నర అంగుళాల పైపుకు నాలుగున్నర మీటర్లకు కొంచెం పైన పడుతుంది. వంపుల కోసం ఒక మీటరు అదనంగా తీసుకోండి.

చుట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ నూగు చర్మంలో గుచ్చుకుంటే రెండు రోజులు దురద వదలదు. ఫైబర్‌గ్లాస్‌ను బకెట్ నీళ్లలో ముంచి పిండి చుడితే నూగు లేవదు, ఆరాక బిగుస్తుంది. బసాల్ట్ రకాన్ని పొడిగా చుట్టాలా, తడిపి చుట్టాలా అనేది ప్యాకెట్ మీద చూడండి. కింది చివర మొదలుపెట్టి పైకి రండి. ఇంటి పెంకుల్లా పైవరస కింది వరస మీద పడుతుంది, నీళ్లు లోపలికి దూరకుండా జారిపోతాయి. దెబ్బకు కట్టు కట్టినట్టు ఒకే బిగువుతో లాగుతూ రావాలి. వంపు లోపలివైపు ముడత పడితే వెనక్కి విప్పి మళ్లీ చుట్టండి. చివర్లను స్టెయిన్‌లెస్ స్టీల్ టైలతో రెండేసి చోట్ల బిగించండి. మొదటి రెండు మూడుసార్లు వేడెక్కినప్పుడు పొగ వస్తుంది, అది మామూలే. ఆ పని గ్యారేజీలో కాకుండా ఆరుబయట చేయండి.

ఏవి చుట్టకూడదో చెప్పడం ఇంకా ముఖ్యం. ఫ్లెక్స్ ముక్కను చుట్టకండి, అది కదలాలి. ఆక్సిజన్ సెన్సర్ దగ్గర చుట్టూ ఖాళీ వదలండి. క్యాటలిటిక్ కన్వర్టర్ డబ్బాను ర్యాప్‌తో మూసేయకండి. అది తనలో జరిగే చర్యతోనే వేడెక్కుతుంది, దానికి ఎడంగా నిలిచే రేకు షీల్డు సరిపోతుంది. మైల్డ్ స్టీల్ పైపుకు ర్యాప్ అసలు వద్దు. కోస్తా ఊళ్ల ఉప్పుగాలిలో, వానాకాలపు తడిలో ర్యాప్ కింద తుప్పు కనబడకుండానే తినేస్తుంది.

టర్బోకు తొడిగే దుప్పటి టర్బైన్ వైపు గుల్లకు మాత్రమే. మధ్యలో బేరింగులుండే భాగాన్నీ, చల్లటి కంప్రెసర్ వైపునూ, టర్బోలో ఎక్కువైన ఎగ్జాస్ట్‌ను పక్కకు వదిలే తలుపును కదిపే వేస్ట్‌గేట్ యాక్చువేటర్‌నూ కప్పకూడదు. ఇప్పటి చాలా ఇంజిన్లలో ఆ యాక్చువేటర్ లోపల మోటారు, ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, దాన్ని దుప్పటి కింద పెడితే ఉడికిపోతుంది.

నాలుగో అడుగు: పక్కనున్నవాటిని కాపాడటం

ముందు జరపండి, తర్వాత తొడగండి. వైర్ల కట్టను 50 మిల్లీమీటర్లు దూరంగా తీసి క్లిప్ వేయడానికి పైసా ఖర్చు లేదు, కానీ మంచి తొడుగు కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది. మామూలు పీవీసీ పూత వైర్లు రకాన్నిబట్టి 80 నుంచి 105 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. కూలెంట్ హోసుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు 125 నుంచి 150 వరకు నిలబడుతుంది, సిలికోన్ ఇంకొంచెం పైకి పోతుంది. హోసును బొటనవేలితో నొక్కి చూడండి. పైపు వైపు గట్టిగా, మెరుస్తూ, వెనకవైపు మెత్తగా ఉంటే ఇప్పటికే సెగ తిన్నట్టు. తొడుగు వేయడం కాదు, ముందు హోసు మార్చాలి.

అల్యూమినియం పూత తొడుగుల్లో నిలువుగా తెరిచి వెల్క్రోతో మూసేవి ఉంటాయి, వైరు విప్పకుండా వేయొచ్చు. మెరిసే వైపు మీద ఆయిల్, దుమ్ము పట్టితే తిప్పికొట్టే గుణం పోతుంది, అప్పుడప్పుడు తుడవండి. బంగారు రంగు టేపును ఇంటేక్ పైపులకు, ఎయిర్ బాక్సుకు అంటించండి. ఎగ్జాస్ట్‌కు అంటిస్తే దాని జిగురు మొదటి రోజే మాడిపోతుంది.

మన స్టీరింగ్ కుడివైపు. ఎడమ స్టీరింగ్ దేశాల కోసం అమ్మే డౌన్‌పైపులు కొన్ని మన కార్లలో స్టీరింగ్ కడ్డీకో బ్రేక్ గొట్టాలకో మరీ దగ్గరగా వస్తాయి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్ఐ లాంటి ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వైపు ఫైర్‌వాల్‌కు ఎదురుగా ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చాక అది 155కి పడిపోతుంది. డౌన్‌పైప్ మార్చిన ఏడాది బ్రేక్ ఫ్లూయిడ్ కూడా మార్చేయండి. కిందికి వంగి డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూటు, స్టీరింగ్ ర్యాక్ బూటు, వెనక ఇంజిన్ మౌంట్ చూడండి. ఇవి పైనుంచి కనబడవు, అందుకే గ్రీజు చిమ్మేదాకా ఎవరూ చూడరు.

ఐదో అడుగు: గాలికి దారి

చాలామంది బానెట్ కీళ్ల కింద వాషర్లు పెట్టి వెనక అంచును ఎత్తుతారు. నిలబడి ఉన్నప్పుడు అక్కడినుంచి వేడి గాలి పైకి పోవడం చేతికి తెలుస్తుంది, దాంతో పనయిందనుకుంటారు. కానీ కారు వేగం అందుకున్నాక ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. ఆ సందులోంచి గాలి బయటికి పోకపోగా లోపలికే తోసుకొస్తుంది, రేడియేటర్ గుండా పోయే గాలి తగ్గుతుంది, ఇంజిన్ వాసన ఏసీలోకి వస్తుంది. పైగా ప్రమాదంలో బానెట్ ఎలా మడవాలో డిజైన్ చేసిన పద్ధతి చెడుతుంది. వద్దు.

ఒత్తిడి తక్కువ ఉండేది బానెట్ ముందు భాగంలో, రేడియేటర్ వెనక్కి వచ్చే చోట. వెంట్లు పెట్టాలంటే అక్కడే. కోసే ముందు బానెట్ మీద చిన్న చిన్న దారం ముక్కలు టేపుతో అంటించి, పక్క కారులోంచి స్నేహితుడితో వీడియో తీయించండి. దారం అణిగి నిలకడగా వెనక్కి పారే చోట్లకూ గిలగిలా కొట్టుకునే చోట్లకూ తేడా చూస్తే గాలి ఎలా పోతోందో తెలుస్తుంది.

నిజానికి కోయకముందే చేయాల్సినవి రెండున్నాయి. రేడియేటర్ చుట్టూ సందులు ఉంటే ఫోమ్ పట్టీలతో మూయండి, గాలి పక్కనుంచి జారిపోకుండా రేడియేటర్ గుండానే పోతుంది. కింది ప్లాస్టిక్ ట్రే బిగించి ఉందో లేదో చూడండి. చల్లగా ఉంటుందని దాన్ని తీసేసేవాళ్లున్నారు. చాలా కార్లలో బానెట్ కింది గాలిని కిందినుంచి వెనక్కి లాగే పని దానిదే.

ఆరో అడుగు: నడిపే తీరు

కూలెంట్ సరైన మోతాదులో కలిపినది వాడండి, రెండో ఫ్యాన్ వేగం పనిచేస్తోందో ఏసీ వేసి చూడండి. గట్టిగా నడిపాక చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా రండి. మెల్లగా నడుస్తున్నప్పుడు గాలి ఆడుతుంది, ఆయిల్ తిరుగుతుంది, టర్బో తనంతట చల్లబడుతుంది. గేటు దగ్గర నిలబెట్టి అయిదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచడం కంటే ఇది చాలా మేలు. ఇంజిన్ ఆపాక ఫ్యాన్, ఎలక్ట్రిక్ పంపు కాసేపు తిరుగుతుంటే కంగారుపడి బ్యాటరీ తీయకండి, అవి చేయాల్సిన పనే అది.

ఏడో అడుగు: తిరిగి చూడటం

వంద కిలోమీటర్లకు చల్లటి ఇంజిన్ మీద ఫ్లాంజ్ బోల్టులు, షీల్డు కాళ్లు, ర్యాప్ టైలు మళ్లీ బిగించండి. మొదటి అడుగులో చేసిన పరీక్షే మళ్లీ చేసి పాత కాగితం పక్కన పెట్టి చూడండి. వైర్ల దగ్గర ఉష్ణోగ్రత దిగకపోతే సెగ ఇంకా ఏదో సందులోంచి వస్తోంది. చీకట్లో, కారు నిలబెట్టి, గట్టిగా నడిపిన వెంటనే బానెట్ ఎత్తితే ఎర్రగా మెరిసే పైపు ఎక్కడినుంచి కనబడుతుందో చూడండి. ఆ గీతలోనే సెగ కూడా ప్రయాణిస్తుంది. నాకు మిగిలిన ఒక సందు అలాగే దొరికింది. సెన్సర్ కోసం వదిలిన బెజ్జంలోంచి ఎర్రటి గీత నేరుగా బ్రేక్ గొట్టం మీద పడుతోంది. అరచేయంత రేకు ముక్కతో అది మూసుకుపోయింది.

ఒక కిలో ఏబీసీ పౌడర్ మంటలార్పే సిలిండర్ సీటు కింద, చేతికందేలా బిగించుకోండి. పొగ ఎక్కువగా వస్తే బానెట్‌ను బార్లా తెరవకండి, గాలి దొరికి మంట లేస్తుంది. గొళ్లెం వదిలి, సందులోంచి పౌడర్ కొట్టండి. మంట మీ చేతిలో లేదనిపిస్తే దూరం జరిగి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ ర్యాప్ మీద టార్చ్ వేసి చూడండి. ఫిల్టర్ విప్పేటప్పుడు ఒక్క చుక్క పడినా అది దూది వత్తిలా పీల్చుకుంటుంది. అలా తడిసిన ర్యాప్‌ను కడిగి వాడకండి, ఆ ముక్క కోసి తీసేసి కొత్తది చుట్టాకే ఇంజిన్ స్టార్ట్ చేయండి.